రెవిట్‌లో లింక్ చేసిన డీడబ్ల్యూజీ కనిపించకపోతే ఎక్కడ వెతకాలి

డీడబ్ల్యూజీ ఫైల్‌ని (ఆటోక్యాడ్ డ్రాయింగ్‌ని) రెవిట్‌లోకి, అంటే భవనాల 3డీ మోడల్ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లోకి లింక్ చేస్తాం, ఏ ఎర్రరూ రాదు, కానీ తెర మీద ఒక్క గీతా కనిపించదు. అప్పుడు చాలామంది లింక్ తీసేసి మళ్ళీ పెడతారు. అదీ పని చేయకపోతే ఇంపోర్ట్ చేసేస్తారు, అంటే ఫైల్‌ని మోడల్‌లోనే కలిపేస్తారు. దయచేసి ఇంపోర్ట్ జోలికి వెళ్ళకండి. అసలు లోపం అలాగే ఉండిపోతుంది, పైగా ఆ ఫైల్‌లోని లేయర్లు, లైన్ ప్యాటర్న్‌లు మోడల్‌లో చేరి తర్వాత ఊడదీయడానికి రోజులు పడుతుంది.

ముందు తేల్చుకోవాల్సింది ఒకటే. ఫైల్ అసలు లోపలికి రాలేదా? వచ్చి ఎక్కడో దూరంగా పడిందా? ఉండాల్సిన చోటే ఉన్నా వ్యూ (మోడల్‌ని చూపించే ప్లాన్, 3డీ లాంటి దృశ్యం) దాన్ని దాస్తోందా? ఈ మూడింటికీ మందులు వేరు. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తేనే సమయం వృథా అవుతుంది.

మేనేజ్ ట్యాబ్‌లో మేనేజ్ లింక్స్ తెరిచి క్యాడ్ ఫార్మాట్స్ చూడండి. స్టేటస్‌లో లోడెడ్ అని ఉంటే ఫైల్ వచ్చినట్టే. నాట్ ఫౌండ్ అని ఉంటే పాత్ తప్పింది. రీలోడ్ ఫ్రమ్ నొక్కి ఫైల్ చూపిస్తే సరిపోతుంది. అయితే అది ఎందుకు తప్పిందో కూడా కనుక్కోండి. ఒకరి కంప్యూటర్‌లో సర్వర్ ఫోల్డర్ ఒక డ్రైవ్ అక్షరంతో, ఇంకొకరి దాంట్లో వేరే అక్షరంతో ఉంటే, ఆబ్సల్యూట్ పాత్‌తో (డ్రైవ్ అక్షరంతో సహా పూర్తి చిరునామాతో) పెట్టిన లింక్ రెండో మనిషికి ఎప్పుడూ దొరకదు. క్లౌడ్ ఫోల్డర్లలో ఫైల్ పేరు మాత్రమే కనిపిస్తూ, ఫైల్ ఇంకా డౌన్‌లోడ్ కాకుండా ఉండే సందర్భాలూ ఉంటాయి. వెర్షన్ కూడా చూడండి. 2018 ఫార్మాట్ డీడబ్ల్యూజీని రెవిట్ 2017, అంతకు ముందువి చదవలేవు. ఆటోక్యాడ్‌లో 2013 ఫార్మాట్‌లోకి సేవ్ యాజ్ చేసి ఇస్తే రెవిట్ 2013 నుంచి 2017 వరకు ఉన్నవి చదువుతాయి.

లోడెడ్ అని ఉండి కూడా కనిపించకపోతే కొత్త 3డీ వ్యూ ఒకటి తెరవండి. దానికి టెంప్లేట్ (వ్యూ సెట్టింగులను కట్టిపడేసే నమూనా) ఉండకూడదు, సెక్షన్ బాక్స్ (మోడల్‌లో కొంత భాగాన్నే చూపే పెట్టె) ఆఫ్‌లో ఉండాలి. కీబోర్డ్ మీద జెడ్ఈ కొట్టండి, ఉన్నదంతా తెరలో పట్టేలా జూమ్ అవుతుంది. డ్రాయింగ్ అక్కడ కనిపిస్తే తప్పు మీ ప్లాన్ వ్యూలో ఉంది. అక్కడా కనిపించకపోతే తప్పు ఫైల్‌లోనో, స్థానంలోనో, వర్క్‌సెట్‌లోనో (జట్టు పని కోసం మోడల్‌ని విడగొట్టిన భాగంలోనో) ఉంది. ఈ పరీక్షకు ఒక మినహాయింపు ఉంది. లింక్ చేసేటప్పుడు కరెంట్ వ్యూ ఓన్లీ టిక్ పెట్టి ఉంటే ఆ డ్రాయింగ్ 3డీలోకి రాదు, పెట్టిన ఆ ఒక్క వ్యూలోనే ఉంటుంది. పక్క ఫ్లోర్ ప్లాన్‌లో లేదేమిటని వెతుక్కునే కేసుల్లో ఎక్కువ భాగం ఈ టిక్ వల్లే. తర్వాత ఆ టిక్ తీసే వీలు లేదు. అన్ని వ్యూలలో కావాలంటే టిక్ లేకుండా మళ్ళీ లింక్ చేయాలి. ఇంకో ఒకటి రెండు వ్యూలలో చాలనుకుంటే కాపీ చేసి పేస్ట్ అలైన్డ్‌తో ఆ వ్యూలలో పెట్టుకోవచ్చు.

వ్యూ దాస్తోందని తేలితే వీజీ (విజిబిలిటీ గ్రాఫిక్స్ షార్ట్‌కట్) కొట్టి ఇంపోర్టెడ్ కేటగిరీస్ ట్యాబ్‌కి వెళ్ళండి. పైనున్న షో ఇంపోర్టెడ్ కేటగిరీస్ ఇన్ దిస్ వ్యూ టిక్ పోయి ఉంటే ఏ డీడబ్ల్యూజీ కూడా కనిపించదు. కింద ఫైల్ పేరు పక్కనున్న ప్లస్ నొక్కితే లేయర్లు ఒక్కొక్కటిగా వస్తాయి, వాటినీ చూడండి. ఆ ట్యాబ్ బూడిద రంగులో ఉండి ఏమీ మార్చనివ్వకపోతే, వ్యూ టెంప్లేట్ పట్టుకుని ఉందని అర్థం. టెంప్లేట్ పీకేయకండి, ఆ షీట్ల లెక్కంతా దాని మీదే నిలబడి ఉంటుంది. వ్యూ కంట్రోల్ బార్‌లో టెంపరరీ వ్యూ ప్రాపర్టీస్ ఆన్ చేసి కారణం తేల్చుకుని, మార్పును టెంప్లేట్‌లోనే చేయండి.

ఆర్‌హెచ్ (రివీల్ హిడెన్ ఎలిమెంట్స్) కొడితే దాచిన వస్తువులు ముదురు ఎరుపు రంగులో బయటపడతాయి. ఎవరో హైడ్ ఎలిమెంట్ చేసి మరచిపోయి ఉంటే డ్రాయింగ్ ఇక్కడ దొరుకుతుంది. సెలెక్ట్ చేసి ఈయూ (అన్‌హైడ్ ఎలిమెంట్) కొడితే తిరిగి వస్తుంది.

వర్క్‌షేరింగ్ ఉన్న, అంటే ఒకే మోడల్ మీద చాలామంది పనిచేసే ప్రాజెక్టులో లింక్ పెట్టేటప్పుడు ఏ వర్క్‌సెట్ యాక్టివ్‌గా ఉందో డ్రాయింగ్ అందులోనే పడుతుంది. ఆ వర్క్‌సెట్‌కి విజిబుల్ ఇన్ ఆల్ వ్యూస్ తీసేసి ఉన్నా, మీ సెషన్‌లో అది మూసి ఉన్నా కొత్త 3డీ వ్యూలో కూడా ఏమీ రాదు. పక్కవాళ్ళకి కనిపిస్తూ మీకు కనిపించకపోతే మొదట అనుమానించాల్సింది దీన్నే.

వ్యూ రేంజ్ (ప్లాన్ ఏ ఎత్తు నుంచి ఏ ఎత్తు వరకు చూపించాలో చెప్పే సెట్టింగ్) గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ అనుమానించరు. కరెంట్ వ్యూ ఓన్లీ లేకుండా పెట్టిన డ్రాయింగ్‌ని రెవిట్ ఒక లెవెల్ ఎత్తులో పడుకోబెట్టిన వస్తువుగానే చూస్తుంది. ప్రాపర్టీస్‌లో దానికి బేస్ లెవెల్, బేస్ ఆఫ్‌సెట్ ఉంటాయి. ఆ ఎత్తు ప్లాన్ వ్యూ డెప్త్ (ప్లాన్ చూసే అట్టడుగు ఎత్తు) కంటే కిందికి పోతే కనిపించదు. సీలింగ్ ప్లాన్‌లో తిరకాసు ఇంకా ఎక్కువ. అది కట్ ప్లేన్ (మోడల్‌ని అడ్డంగా కోసే ఎత్తు) నుంచి పైకి చూస్తుంది, డ్రాయింగేమో నేల మట్టంలో ఉంటుంది. బేస్ ఆఫ్‌సెట్‌ని కట్ ప్లేన్ ఎత్తు దాటేలా, టాప్‌కి లోపలే ఉండేలా ఇస్తే కనిపిస్తుంది. అది వద్దనుకుంటే ఆ వ్యూ కోసం కరెంట్ వ్యూ ఓన్లీతో విడిగా లింక్ చేయడం మేలు. ఎత్తు సరిగానే ఉన్నా పైన ఫ్లోర్ స్లాబ్ కప్పేసి ఉండొచ్చు. వ్యూని వైర్‌ఫ్రేమ్‌లోకి (అంచు గీతలే చూపే పద్ధతిలోకి) మార్చగానే గీతలు వస్తే కారణం అదే. కరెంట్ వ్యూ ఓన్లీ డ్రాయింగ్ అయితే ప్రాపర్టీస్‌లో డ్రా లేయర్‌ని ఫోర్‌గ్రౌండ్ చేస్తే చాలు.

ఇక 3డీలో కూడా కనిపించని కేసు. జెడ్ఈ కొట్టాక మీ మోడల్ చుక్కలా కుంచించుకుపోతే డ్రాయింగ్ దూరంలో ఉందన్నమాట. ఇంటర్నల్ ఆరిజిన్ (మోడల్ సున్నా బిందువు) నుంచి 16 కిలోమీటర్లు, అంటే 10 మైళ్ళు దాటిన జ్యామితిని రెవిట్ నమ్మకంగా చూపించలేదు. సర్వే డ్రాయింగులు చాలావరకు యూటీఎం (భూమి మీద స్థానాన్ని మీటర్లలో చెప్పే మ్యాప్ గ్రిడ్) కోఆర్డినేట్లలో ఉంటాయి, ఈస్టింగ్ (తూర్పు వైపు కొలత) లక్షల మీటర్లలో ఉంటుంది. ఆరిజిన్ టు ఇంటర్నల్ ఆరిజిన్ పెట్టి ఇలాంటి ఫైల్‌ని లింక్ చేయకూడదు. సెంటర్ టు సెంటర్‌లో తెచ్చి, భవనం మీదికి జరిపి, తర్వాత మేనేజ్ ట్యాబ్‌లో అక్వైర్ కోఆర్డినేట్స్ చేయండి, సర్వే కోఆర్డినేట్లు మోడల్‌కి వస్తాయి. సర్వే ఫైల్‌లో అసలు కోఆర్డినేట్లను మాత్రం కదపకండి, తర్వాత అందరి లెక్కా తప్పుతుంది.

దూరంలో పడి ఉన్న ఒక్క చిన్న గీత కూడా ఇదే గొడవ తెస్తుంది. ఆటోక్యాడ్‌లో జూమ్ ఎక్స్‌టెంట్స్ కొట్టే ముందు అన్ని లేయర్లనూ థా చేయండి (ఫ్రీజ్ తీసేయండి). ఫ్రీజ్ అయిన లేయర్‌లోని వస్తువులను జూమ్ ఎక్స్‌టెంట్స్ లెక్కలోకి తీసుకోదు, కానీ లింక్ చేసేటప్పుడు లేయర్స్‌లో ఆల్ ఎంచుకుంటే రెవిట్ తీసుకుంటుంది. అందుకే ఆటోక్యాడ్‌లో శుభ్రంగా కనిపించిన ఫైలే ఇక్కడ మైళ్ళ కొద్దీ సాగుతుంది.

యూనిట్లు తప్పినా డ్రాయింగ్ ఉండి లేనట్టే. మీటర్లలో గీసిన 50 మీటర్ల భవనాన్ని రెవిట్ మిల్లీమీటర్లుగా తీసుకుంటే 50 మిల్లీమీటర్ల ముక్క మిగులుతుంది. ఫైల్‌లో ఇన్స్‌యూనిట్స్ (డ్రాయింగ్ ఏ యూనిట్‌లో ఉందో చెప్పే ఆటోక్యాడ్ సెట్టింగ్) విలువ 0, అంటే యూనిట్ లేదని ఉంటే ఆటో డిటెక్ట్‌ని నమ్మొద్దు. అక్కడ 4 అంటే మిల్లీమీటర్లు, 6 అంటే మీటర్లు, 1 అంటే అంగుళాలు, 2 అంటే అడుగులు. ఇప్పటికే లింక్ చేసేసి ఉంటే టైప్ ప్రాపర్టీస్‌లో ఇంపోర్ట్ యూనిట్స్ మారిస్తే సరిపోతుంది.

కొంత కనిపించి కొంత కనిపించకపోతే తప్పు దాదాపు ఎప్పుడూ ఫైల్‌లోనే ఉంటుంది. సివిల్ 3డీ, ఆటోక్యాడ్ ఆర్కిటెక్చర్‌లలో గీసిన వస్తువులు మామూలు గీతలు కావు, అందుకే రెవిట్‌లోకి రాకపోవచ్చు. పంపేవాళ్ళు ప్రాక్సీగ్రాఫిక్స్ సెట్టింగ్‌ని 1 పెట్టి (వస్తువుల బొమ్మ కూడా ఫైల్‌లో ఉండేలా) సేవ్ చేయాలి, లేదా ఎక్స్‌పోర్ట్‌టుఆటోక్యాడ్ కమాండ్‌తో మామూలు జ్యామితిగా మార్చి ఇవ్వాలి. రెండోది నయం. ఎక్స్‌రెఫ్‌లు (డ్రాయింగ్‌కి జోడించిన వేరే డ్రాయింగులు) ఉంటే బైండ్ చేయించండి, అంటే లోపల కలిపించండి, విడి ఫైళ్ళు మీ దగ్గర లేకపోతే ఆ భాగం రాదు. లింక్ చేసేటప్పుడు లేయర్స్‌లో విజిబుల్ ఎంచుకుని ఉంటే, ఆటోక్యాడ్‌లో ఆఫ్‌లో ఉన్నవి రావు. ట్రూ కలర్‌లో 255, 255, 255 తెలుపు ఇచ్చిన గీతలు ప్రిజర్వ్ కలర్స్‌తో తెల్లటి తెర మీద కలిసిపోతాయి. మౌస్‌ని వాటి మీదికి తీసుకెళ్తే హైలైట్ అవుతాయి కాబట్టి పట్టుకోవడం తేలికే. బ్లాక్ అండ్ వైట్‌లో లింక్ చేస్తే ఆ బాధ ఉండదు.

మీ మోడల్‌లోకి లింక్ చేసిన ఇంకో రెవిట్ ఫైల్‌లో ఆ డీడబ్ల్యూజీ ఉంటే, వీజీలో రెవిట్ లింక్స్ ట్యాబ్‌కి వెళ్ళి ఆ లింక్‌ని కస్టమ్ చేసి, దాని ఇంపోర్ట్ కేటగిరీస్ చూడండి. అక్కడ అది కరెంట్ వ్యూ ఓన్లీగా పెట్టినదైతే, బై లింక్డ్ వ్యూలో ఆ వ్యూనే ఎంచుకోవాలి.