మూసీని రెండు 'ఓ'లతో కూడా వెతకాలి

గత నెలలో ఒక శనివారం మధ్యాహ్నం ఎం.ఏ. చరిత్ర చదువుతున్న ఒక అమ్మాయి మా కళాశాల గ్రంథాలయంలో నా టేబుల్ దగ్గరికి వచ్చి, "సార్, నా ప్రాజెక్టుకు ఆన్‌లైన్‌లో ఏమీ దొరకడం లేదు, టాపిక్ మార్చుకోమంటారా?" అని అడిగింది. ఆమె అంశం 1908 సెప్టెంబరులో హైదరాబాద్‌ను ముంచెత్తిన మూసీ వరద. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి ఆనాడు నూట యాభై మంది వరకు ప్రాణాలు దక్కించుకున్నారని చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పగా విన్నదట. అంత ఇష్టంతో ఎంచుకున్న అంశాన్ని రెండు వారాలకే వదులుకోవడానికి సిద్ధపడిందంటే లోపం ఆమెలో లేదు, ఆమెకు వెతకడం నేర్పని మనలో ఉంది.

ఎలా వెతికావమ్మా అని అడిగితే ఫోన్ చూపించింది. ప్రాజెక్టు శీర్షిక మొత్తాన్ని ఇంగ్లీషులో ఒకే వాక్యంగా గూగుల్‌లో పెట్టింది. పత్రికల్లో ఏటా సెప్టెంబరులో వచ్చే జ్ఞాపకాల వ్యాసాలు, ఒకదాన్ని చూసి ఒకటి రాసినవే, వరుసగా కనిపించాయి. నేను కంప్యూటర్ ముట్టుకోకుండా ముందు ఒక తెల్ల కాగితం తీసి, ఆ వరద గురించి ఎవరెవరు ఏయే భాషల్లో రాసి ఉంటారో, వారు ఆ నదిని, ఈ నగరాన్ని ఏమని పిలిచి ఉంటారో రాయమన్నాను.

ఆ కాగితం నిండడానికి ఇరవై నిమిషాలు పట్టింది. పాత ఇంగ్లీషు పత్రాల్లో మూసీని ఒకచోట ఒక్క 'యు'తో, మరొకచోట రెండు 'ఓ'లతో రాశారు. తెలుగులో ముచికుంద అనే పేరు ఉంది. ఉర్దూలో ఆ వరదను తుగ్యానీ అంటారు, పాతబస్తీ పెద్దలు ఇప్పటికీ ఆ మాటే వాడతారు. నగరం పేరు మాత్రమే పెడితే సింధ్‌లోని హైదరాబాద్ గురించిన వ్యాసాలు కూడా వచ్చిపడతాయి కాబట్టి 'దక్కన్' అన్న మాట, 'నిజాం రాజ్యం' అన్న మాట ఇంగ్లీషులో జోడించాలి. వరద తరువాత జరిగినదాన్ని వెతకాలంటే మళ్లీ అలాంటి వరద రాకుండా సలహా ఇవ్వడానికి 1909లో ఇక్కడికి వచ్చిన ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య పేరుతోనూ, 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్ జలాశయాల పేర్లతోనూ వెతకాలి. వ్యాసం రాసిన ఇంజినీరు తన శీర్షికలో వరద అన్న మాటే వాడకపోవచ్చు.

ఈ కాగితం లేకుండా ఎంత గొప్ప సాధనాన్ని చేతికిచ్చినా ప్రయోజనం ఉండదని పంతొమ్మిదేళ్ల ఉద్యోగంలో నాకు కలిగిన నమ్మకం. కొత్త విద్యా సంవత్సరం మొదలు కాగానే మనం పిల్లలను హాలులో కూర్చోబెట్టి వెబ్‌సైట్ల పేర్లు తెర మీద చూపిస్తాం, వాళ్లు ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. మాటలను కూడబెట్టుకోవడం మాత్రం ఎవరూ నేర్పరు.

కాగితం తయారయ్యాక, పరిశోధన వ్యాసాలను మాత్రమే వెతికిపెట్టే గూగుల్ స్కాలర్ తెరిచాం. నది పేరు రెండు రూపాలనూ కొటేషన్ గుర్తుల్లో పెట్టి మధ్యలో పెద్ద అక్షరాలతో 'ఆర్' అని ఇంగ్లీషులో రాయగానే, అంతకు ముందు కనిపించని వ్యాసాలు మొదటి పేజీలోనే కనిపించాయి. నచ్చిన వ్యాసం కింద దాన్ని ఉదహరించిన తరువాతి వ్యాసాలకు లింకు ఉంటుంది. పాత వ్యాసం నుంచి కొత్త వ్యాసాలకు రావడానికి అంతకంటే దగ్గరి దారి లేదు. ఆ తరువాత, విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను అనుసంధానించే గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే శోధ్‌గంగ వెబ్‌సైటుకు వెళ్లాం. అక్కడ దేశంలోని విశ్వవిద్యాలయాల పరిశోధక గ్రంథాలు 5 లక్షలకు పైగా ఉచితంగా ఉన్నాయి, వాటికి లాగిన్ కూడా అక్కర్లేదు. నేను ప్రతి విద్యార్థికీ చెప్పే మాట ఒకటుంది: శోధ్‌గంగలో గ్రంథం అధ్యాయాల వారీగా విడివిడి ఫైళ్లుగా ఉంటుంది కాబట్టి ముందు చివరనున్న గ్రంథసూచిని తెరవాలి. ఒక పరిశోధకుడు నాలుగైదేళ్లు తిరిగి సేకరించిన చిట్టా అది. ఆ అమ్మాయి ఒకే ఒక్క గ్రంథసూచి నుంచి పద్నాలుగు పుస్తకాల పేర్లు రాసుకుంది.

చందా కట్టాల్సిన జర్నళ్ల విషయంలో పరిస్థితి ఇదివరకటిలా లేదు. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదించిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం కింద, మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో, 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 జర్నళ్లను ప్రభుత్వ నిర్వహణలోని 6,300 విద్యా, పరిశోధన సంస్థలకు అందించాలని నిర్ణయించారు. డిగ్రీ కళాశాలల కోసం జర్నళ్లు, పుస్తకాలు ఆన్‌లైన్‌లో అందించే ఎన్-లిస్ట్ అనే పథకం 2010 నుంచి ఉంది, దానిలో సభ్యులుగా చేరిన విద్యార్థులు, అధ్యాపకులు ఇంటి నుంచి కూడా చదువుకోవచ్చు. అయితే సభ్యత్వం కళాశాలకు ఉంటే సరిపోదు, ఎవరికి వారికి యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అందాలి. నేను ఇంతకు ముందు పనిచేసిన ఒక కళాశాలలో ఏటా చందా కట్టేవారు, కానీ నేను చేరేనాటికి విద్యార్థుల పేర్ల జాబితా సంతకం కోసం ఒక ఫైలులో పద్నాలుగు నెలలుగా పడి ఉంది. ఆ మధ్యలో ఒక బ్యాచ్ చదువు ముగించుకుని, లైబ్రరీ నో డ్యూస్ కూడా తీసుకుని వెళ్లిపోయింది. ఆ పిల్లలకు జరిగిన నష్టాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అధ్యాపక మిత్రులు నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది సిమిలారిటీ రిపోర్టు కోసం, అంటే ఒక గ్రంథంలో ఎంత భాగం ఇతరుల రాతలతో కలుస్తోందో సాఫ్ట్‌వేర్ ఇచ్చే లెక్క కోసం. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు పోలికలుంటే శిక్ష లేదు, ఆపైన 40, 60 శాతాల దగ్గర మెట్లు మారతాయి, 60 దాటితే పరిశోధక విద్యార్థి రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. తెలుగులో రాసిన గ్రంథాల విషయంలో ఇక్కడ ఒక చిక్కుంది. చాలా సిద్ధాంత గ్రంథాలను యూనికోడ్ (ఏ కంప్యూటరైనా తెలుగును తెలుగుగానే గుర్తించే పద్ధతి) కాని పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేయిస్తారు. కంటికి చక్కని తెలుగు కనిపిస్తుంది, కాపీ చేసి మరోచోట పెడితే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు వస్తాయి. సాఫ్ట్‌వేర్ చదివేది ఆ గుర్తులనే కాబట్టి అలాంటి ఫైలుకు వచ్చే సున్నా శాతం దేనికీ సాక్ష్యం కాదు. అంతకంటే పెద్ద నష్టం, ఆ గ్రంథంలోని ఒక్క వాక్యం కూడా రేపు వెతికేవారికి దొరకదు. పరిశోధక విద్యార్థులు మొదటి అధ్యాయం నుంచే యూనికోడ్‌లో రాయాలని, వారి గైడ్లు దాన్ని పట్టుబట్టి అడగాలని చేతులు జోడించి కోరుతున్నాను.

మా గ్రంథాలయ కేటలాగులోనూ ఇదే జబ్బు ఉండేది. మేము కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ వాడతాం. దానిలో తెలుగు పుస్తకాల, రచయితల పేర్లన్నీ ఏనాడో ఇంగ్లీషు అక్షరాల్లో, ఎక్కించినవారికి తోచిన స్పెల్లింగుతో ఎక్కాయి. సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు ఒక్కటే నాలుగు రకాలుగా ఉండేది, ఒక రకంగా వెతికితే మిగిలిన మూడు రకాల కింద ఉన్న పుస్తకాలు కనిపించేవి కావు. రెండేళ్లుగా నేను, నా సహాయకురాలు కలిసి ఒక్కొక్క రికార్డునూ తెరిచి, పుస్తకం శీర్షిక ఉండే 245 ఫీల్డులో తెలుగు లిపిలో పేరు పెట్టి, జనం కొట్టే ఇంగ్లీషు స్పెల్లింగులన్నీ శీర్షిక ఇతర రూపాల కోసం ఉన్న 246లో చేరుస్తున్నాం. ఇది రోజుకు ముప్పై నలభై రికార్డులకు మించి సాగని పని. అయినా ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో పేరు కొట్టిన పిల్లవాడికి ఓపాక్‌లో, అంటే మా ఆన్‌లైన్ కేటలాగులో, పుస్తకం, అల్మారాలో దాని చోటు చెప్పే కాల్ నంబరు కనిపించి, అతను నేరుగా తెలుగు సాహిత్యం ఉండే 894.827 అల్మారా దగ్గరికి నడిచి వెళ్తుంటే ఆ శ్రమ గుర్తుండదు.

తన పద్నాలుగు పేర్లలో మా దగ్గర రెండే ఉన్నాయని తేలాక, ఆ అమ్మాయిని అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి పంపాను. 1891లో అసఫియా గ్రంథాలయంగా మొదలైన ఆ సంస్థ ఇప్పుడు ఉన్నది మూసీ ఒడ్డునే. అక్కడ మరో మూడు పుస్తకాలు చూసి, అవసరమైన పేజీలు నోట్సు రాసుకుని పది రోజుల తరువాత వచ్చింది. టాపిక్ మార్చుకునే ప్రస్తావన తేలేదు, కాగితం మాత్రం తెచ్చింది. నేను రాయించిన మాటల కింద ఆమె సొంతంగా పట్టుకున్న మరో ఐదు ఉన్నాయి, అందులో రెండు నాకు కొత్త. ఆ సాయంత్రమే మూసీ గురించి మా దగ్గరున్న పుస్తకాల రికార్డులు తెరిచి ఆ మాటలన్నీ ఎక్కించాను.