మా శంకరం ఈకలు పీక్కోవడం మొదలుపెట్టాక: నా అనుభవం

మా ఆడపడుచు వాళ్ళు కెనడా వెళ్ళిపోతూ వాళ్ళ ఆఫ్రికన్ గ్రే చిలుకను మాకు అప్పగించారు. ఒళ్ళంతా విభూతి పూసుకున్నట్టు బూడిద రంగు, తోక ఒక్కటే ఎరుపు. అందుకే దానికి శంకరం అని పేరు. ముందు కాగితాల పని చూసుకున్నాం. అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్. ఈ జాతి 2017 నుంచి దాని మొదటి అనుబంధంలో, అంటే అన్నిటికంటే కఠినమైన కట్టడి ఉన్న జాబితాలో ఉంది. మన దేశంలో పెంచుకోవాలంటే కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు ఉండాలి, చేతులు మారితే ఆ సంగతీ తెలపాలి. "ఇంత గొడవెందుకు, ఓ రామచిలుకను తెచ్చుకోకపోయారా" అన్నారు పక్కింటావిడ. రామచిలుకను పంజరంలో పెట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని చెప్తే నమ్మలేదావిడ. చాలామంది నమ్మరు.

వానలు మొదలయ్యాక పంజరం అడుగున పరిచిన పేపరు మీద ఈకలు ఎక్కువగా కనపడసాగాయి. పాతవి రాల్చి కొత్తవి తొడుక్కోవడం చిలుకలకు మామూలే కాబట్టి మొదట్లో పెద్దగా కంగారు పడలేదు. కానీ మామూలుగా రాలేటప్పుడు అక్కడొకటీ ఇక్కడొకటీ పోతాయి, చర్మం బయటపడదు. దీనికి రొమ్ము మీద, తొడల మీద గులాబీ రంగు చర్మం కనిపిస్తోంది.

ఇక సలహాలు మొదలయ్యాయి. పక్షుల సామాను అమ్మే షాపతను "పేలు పట్టాయి మేడం" అని పంజరానికి తగిలించే మందు డబ్బా ఒకటి ఇచ్చాడు. దగ్గర్లో కుక్కలనీ పిల్లులనీ చూసే డాక్టరు "ఒంటరితనం, జోడీ తెచ్చి పెట్టండి" అన్నారు. ఒంటిమీద చెయ్యి వెయ్యకుండానే అంత గట్టిగా ఎలా చెప్పగలిగారో నాకు అర్థం కాలేదు. పక్షుల వైద్యం తెలిసినవాళ్ళ కోసం వాకబు చేసి, ఊరికి అవతలి చివర ఉన్న ఒకాయనకు ఫోన్ చేశాను. ఆయన అడిగింది వింతగా అనిపించింది: రాలిన ఈకలన్నీ కవర్లో వేసి తెండి, పంజరంలో పేపరు రెట్టలతో సహా మడిచి తెండి, పంజరం ఎక్కడ ఉందో, ఏం పెడుతున్నారో ఫొటోలు తీసుకురండి.

ఆ కవర్లోని ఈకలు బల్ల మీద పరిచి ఆయన చూపించినవే ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా పనికొచ్చాయి. తనంతట తాను రాలిన ఈకకు మొదలు శుభ్రంగా, ఎండి ఉంటుంది. పీకిన ఈకకు మొదట్లో తడో రక్తమో అంటుకుని ఉంటుంది. కొరికిన ఈకకు కాడ నలిగి, అంచులు రంపపు పళ్ళలా చిరిగి ఉంటాయి. మా కవర్లో మూడు రకాలూ ఉన్నాయి. కొన్నిటికి అడ్డంగా సన్నటి గీతలున్నాయి. ఈక మొలిచే రోజుల్లో తిండి చాలకపోయినా, ఒంట్లో నలతగా ఉన్నా, బెదిరినా ఆ చోట అలా గీత పడుతుందట. అంటే ఆ ఈక మొలిచేనాటికే దీనికి ఏదో కష్టం ఉందన్నమాట.

తర్వాత తల చూశారు. తల మీద ఈకలు నున్నగా, నిండుగా ఉన్నాయి. ఏ చిలుకకూ తన ముక్కు తన తలకు అందదు. తల బాగుండి ఒళ్ళు బోడిగా ఉంటే పీకుతున్నది అదే. తల కూడా బోడిగా ఉంటే జోడీ పక్షి పీకుతుండాలి, లేకపోతే ఈకలకే జబ్బు ఉండాలి. ఆ జబ్బుల్లో భయపడాల్సింది సర్కోవైరస్ తెచ్చేది. అందులో కొత్త ఈకలు వంకరగా, మొదట్లో నొక్కుకుపోయి వస్తాయి. గ్రేలకు ఒంటిమీద ఉండే పొడి పోయి, నల్లటి ముక్కు మెరుస్తుంది. శంకరం ముక్కును ఆయన వేలితో తుడిస్తే తెల్లటి పొడి అంటింది. "మంచి గుర్తే, కానీ పరీక్ష చేద్దాం. దానికి మందు లేదమ్మా, పైగా వేరే పక్షులకు అంటుతుంది" అన్నారు.

తువ్వాల్లో చుట్టి, నోరు తెరిపించి అంగిట్లోకి లైటు వేశారు. అక్కడ చిన్న చిన్న ముళ్ళలాంటివి నిలబడి ఉండాలట. దీనికి అరిగిపోయినట్టు మొద్దుబారి ఉన్నాయి. అది విటమిన్ 'ఎ' లోపానికి గుర్తు. మెడ కుడివైపు నరం నుంచి రక్తం తీశారు. మింగిన లోహం ముక్కలేమైనా ఉన్నాయేమోనని ఎక్స్‌రే తీశారు. పంజరం తీగల మీది జింకు పూత కొరికి విషం ఎక్కే పక్షులు చాలానే ఉంటాయట. అత్తయ్య ఆ గదిలో ఉండలేక బయటికి వెళ్ళిపోయారు.

రిపోర్టుల్లో వైరస్ లేదు, లోహం లేదు. కాల్షియం తక్కువ. అదే రక్తంతో డీఎన్ఏ పరీక్ష కూడా చేయించాం, గ్రేలలో ఆడ మగ తేడా కంటితో చూసి చెప్పలేం కాబట్టి. శంకరం ఆడపిల్ల. పేరు మార్చలేదు.

పీక్కోవడం జబ్బు కాదనీ, లోపల ఏదో బాగాలేదని చెప్పే గుర్తనీ, దానికి ఒకటే కారణం ఉండటం తక్కువనీ డాక్టరుగారన్నారు. దీనికి మూడు కలిశాయి. మొదటిది ఏళ్ళ తరబడి పొద్దుతిరుగుడు గింజల మీదే పెరగడం. వాటిలో కొవ్వెక్కువ, విటమిన్ 'ఎ', కాల్షియం బాగా తక్కువ. రెండోది నిద్ర. హాల్లో టీవీ పక్కన పంజరం, రోజుకు పది పన్నెండు గంటల చీకటి కావాల్సిన పక్షికి అందులో సగం కూడా దొరకట్లేదు. మూడోది ఇల్లు మారడం. మందు డబ్బా వాసన దాని ఊపిరికి చేటని తీసెయ్యమన్నారు. సాంబ్రాణి, అగరొత్తులు, దోమల కాయిల్ దాని గదిలో వద్దన్నారు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ నిమిషాల్లో పక్షిని చంపేస్తుందని విన్నాక మా ఇంట్లో మళ్ళీ ఇనప పెనం ఎక్కింది.

తిండి మార్చడమే అన్నిటికంటే కష్టమైంది. గింజలు ఒక్కసారిగా ఆపితే కొత్తది ముట్టకుండా పస్తుంటుంది, అలా చేయొద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. పొద్దున్నే ఆకలి మీద ఉన్నప్పుడు ఉడికించిన క్యారెట్, మునగాకు, ఎర్ర క్యాప్సికం ముక్కలు పెట్టేదాన్ని. విసిరేసేది. చివరికి అత్తయ్య దాని ఎదురుగా కూర్చుని మునగాకు పప్పు కలుపుకుని తింటుంటే మెడ సాచి చూడటం మొదలుపెట్టింది. ఉప్పూ కారం లేకుండా తీసిన ముద్ద ఆవిడ చేతినుంచే మొదట తింది. తర్వాత పెల్లెట్లు, అంటే చిలుకల కోసం తయారుచేసి అమ్మే మేత గుళికలు, మెల్లగా అలవాటయ్యాయి. గింజలు ఇప్పుడు కాగితం పొట్లాల్లో చుట్టి దాచి పెడతాం, విప్పుకుని తినడంలో దానికి పొద్దుపోతుంది.

పీక్కుంటున్నప్పుడు అరవొద్దని కూడా చెప్పారు. అరిస్తే మనం పలికినట్టే కదా, ఇంకా పీకుతుంది. కానీ ఆ మాట మాకు చేరేసరికే ఆలస్యమైంది. శంకరం ఒక ఈక లాగి, అచ్చం అత్తయ్య గొంతుతో "పీకకూ!" అని తనే అరిచేది.

చలికాలం దాటాక రొమ్ము మీద ముళ్ళలా కొత్త ఈకలు లేచాయి. వాటి కాడల్లో రక్తం పారుతుంటుంది, విరిగితే కారుతుంది కాబట్టి ఆ రోజుల్లో పట్టుకోవడం తగ్గించి నీళ్ళు చిలకరించడంతో సరిపెట్టాం. తొడల మీద మాత్రం రాలేదు. ఎక్కువకాలం పీకితే ఈక మొలిచే కుదురే పాడవుతుందనీ, అక్కడ ఇక రాకపోవచ్చనీ డాక్టరుగారు చెప్పారు. ఆయన ఇప్పుడు అడిగేది ఈకల గురించి కాదు, బరువు గురించి. జబ్బు దాచుకోవడం పక్షుల నైజం, అది తూకంలోనే ముందు బయటపడుతుంది. వంటింటి గ్రాముల త్రాసు మీద వారం వారం నిలబెట్టి రాసి పెడుతున్నాను. పది శాతం తగ్గిందంటే ఈకలు ఎలా ఉన్నా సరే తీసుకొచ్చెయ్యమన్నారు.