ఎండిపోయిన ఒక్క పిన్ను, మూడు నెలల కీచుమోత

నా మియాటా కారు బ్రేకు తొక్కితే కీచుమంటోందని మూడు నెలలుగా ఒకటే చిరాకు. 2003 మోడల్ మాజ్డా, రెండే సీట్లు, టాప్ దించేసి నడుపుతా కాబట్టి ఆ శబ్దం నేరుగా చెవుల్లోకే వస్తుంది, మా వీధి చివర స్టాప్ సైన్ దగ్గర ఆగేటప్పుడైతే పళ్ళు జివ్వుమనేవి. గట్టిగా తొక్కితే ఏమీ ఉండదు, మెల్లగా ఆగేటప్పుడే ఆ అరుపంతా.

ఇక్కడ ఫ్రిస్కోలోనే ఒక షాపుకి తీసుకెళ్తే చక్రం కూడా విప్పకుండా నాలుగింటికీ రోటర్లు (చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్ళేలు), ప్యాడ్లు (ఆ పళ్ళేల్ని అదిమి ఆపే దిమ్మలు) మార్చాలి, 780 డాలర్లు అన్నారు. డబ్బు సంగతి తర్వాత, ఎందుకు అరుస్తోందో చెప్పకుండా అన్నీ పీకేసి కొత్తవి వేద్దాం అంటే నాకు అస్సలు నచ్చదు, ముందు చక్రాల ప్యాడ్లు ఆరు నెలల కిందటే వేరే చోట వేయించాను కూడా.

అప్పుడే నాన్న తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు, అంతా బస్సుల డ్రమ్ బ్రేకులే, ఇలాంటి డిస్క్ బ్రేకులు పెద్దగా ముట్టుకోలేదు. నేను జాకీ తీయబోతుంటే "ముందు ఏ చక్రమో తేల్చరా, పానా తర్వాత పట్టుకుందువు గాని" అన్నారు. సరేనని బండిని నడక వేగంలో పోనిస్తూ కాలు బ్రేకు మీద పెట్టకుండా హ్యాండ్ బ్రేక్ కొంచెం కొంచెంగా లాగాను, ఈ బండికి హ్యాండ్ బ్రేక్ వెనక చక్రాల క్యాలిపర్లనే (ప్యాడ్లని రెండు వైపుల నుంచీ రోటర్ మీద అదిమే పట్లు) నొక్కుతుంది కదా, చప్పుడు లేదు. కాలితో తొక్కితే కీచుమంది. అంటే ముందువే. నాన్న పక్కనే నడుస్తూ విని డ్రైవర్ వైపుదే అని తేల్చేశారు.

చక్రం తీసి క్యాలిపర్ కింది బోల్టు విప్పి పైకి లేపి చూస్తే విషయం అక్కడే ఉంది. లోపలి ప్యాడ్ 4 మిల్లీమీటర్లే మిగిలింది, బయటిది 7 ఉంది. ఒకే చక్రంలో రెండు ప్యాడ్లు ఇంత తేడాగా అరిగాయంటే క్యాలిపర్ జరగట్లేదనే. అది జరిగేది స్లైడ్ పిన్ను మీదే, దాన్ని పట్టుకుని లాగితే రాలేదు, తిప్పుతూ తిప్పుతూ లాగితే వచ్చింది, లోపల గ్రీజు ఎండి గోధుమరంగు జిగురైపోయి ఉంది. ప్యాడ్ల వెనక ఉండాల్సిన పల్చటి రేకులు, షిమ్‌లు అసలు లేనే లేవు, వేసినవాళ్ళు వదిలేశారు. పైగా ప్యాడ్ ముఖం అద్దంలా మెరుస్తోంది. నాన్న వేలితో రాసి చూసి "మా లైనింగులూ ఇట్టానే గ్లేజ్ అయ్యేవిరా, అప్పుడే అరిచేవి" అన్నారు. లైనింగంటే డ్రమ్ బ్రేకులో ప్యాడ్ లాంటిదే.

అసలు ఈ కీచుమోత ఏంటంటే, ప్యాడ్ రోటర్‌ని పట్టుకుని వదిలి, మళ్ళీ పట్టుకుని వదిలి, సెకనుకి వేలసార్లు వణుకుతుంది, ఆ వణుకుకి రోటర్ గంటలా మోగుతుంది. షిమ్ ఆ వణుకుని మింగడానికే ఉంది. ప్యాడ్ బాగా అరిగిపోయాక రోటర్‌ని గీకి హెచ్చరించే చిన్న రేకు ఒకటి ఉంటుంది, అది వేరే, మీకు అరుపు వినిపిస్తే ముందు అది కాదని చూసుకోండి.

నేను ప్యాడ్ల మీది దుమ్ము ఊదబోతే నాన్న గభాల్న చెయ్యి అడ్డం పెట్టారు. "మా రోజుల్లో లైనింగుల్లో ఊపిరితిత్తుల్ని పాడుచేసే యాస్బెస్టాస్ ఉండేది, అందరం నోటితోనే ఊదేవాళ్ళం, ఎవరూ వద్దని చెప్పలేదు" అన్నారు. ఆ మాట విన్నాక నాకు కాసేపు పని మీద మనసు నిలవలేదు. బ్రేక్ క్లీనర్ కొట్టి తడిపి తుడిచాం.

తర్వాత పని పెద్దదేం కాదు. క్యాలిపర్ హోస్ మీద వేలాడకుండా నాన్న బైండింగ్ వైరుతో స్ప్రింగుకి కట్టారు. పిన్నుని శుభ్రం చేసి సిలికోన్ గ్రీజు పట్టించాను, మామూలు గ్రీజు వాడొద్దు, పిన్ను చుట్టూ ఉన్న రబ్బరు ఉబ్బిపోయి అది మళ్ళీ బిగుసుకుంటుంది. రోటర్ మందం 19.2 మిల్లీమీటర్లు వచ్చింది, కనీసం 18 ఉంటే చాలు, కాబట్టి మార్చలేదు, ఎమరీ పేపర్‌తో గుండ్రంగా రుద్ది మెరుపు పోగొట్టాను. రెండు వైపులా కొత్త ప్యాడ్లు, షిమ్‌లు, క్లిప్పులు వేశాం, ప్యాడ్ చెవులకీ వెనక రేకుకీ చాలా పల్చగా గ్రీజు, ముఖానికి మాత్రం చుక్క కూడా తగలకూడదు. ఈ బండి వెనక బ్రేకులు చేసేవాళ్ళకి ఒక మాట, క్యాలిపర్‌లో ప్యాడ్‌ని తోసే పిస్టన్‌ని క్లాంపు పెట్టి నొక్కకండి, క్యాలిపర్ వెనక ఉన్న చిన్న బోల్టు తీస్తే లోపల 4 మిల్లీమీటర్ల అలెన్ కీ పడుతుంది, దాన్ని ఎడమవైపు తిప్పితే పిస్టన్ దానంతటదే లోపలికి పోతుంది.

చివర్లో ప్యాడ్లని రోటర్లకి అలవాటు చేయాలి. ఉదయం ఆరింటికి ఖాళీ రోడ్డు మీద గంటకి 60 మైళ్ళ నుంచి 10కి గట్టిగా తగ్గించి మళ్ళీ అందుకుని, ఇలా ఎనిమిది సార్లు, మధ్యలో పూర్తిగా ఆపకుండా. తర్వాత చల్లారేదాకా బ్రేకు తొక్కకుండా ఊరికే తిప్పాను. నాన్న పక్క సీట్లో కూర్చుని ఒక్క ముక్క మాట్లాడలేదు, తల కొంచెం చక్రం వైపు వంచి వింటూనే ఉన్నారు. మా వీధి చివర స్టాప్ సైన్ దగ్గర మెల్లగా ఆపాను. ఏ శబ్దమూ లేదు. "రెండో వైపు పిన్ను కూడా తీసి చూడు ఆదివారం" అన్నారు.