ఏయూసీ 0.9 వచ్చిందా? అయితే కంగారు పడండి

అమీర్‌పేటలో కోర్సు చేస్తే ఉద్యోగం తొందరగా వస్తుందా? చేసినవాళ్లనీ చేయనివాళ్లనీ పక్కపక్కన పెట్టి శాతాలు చూస్తే తేలే విషయం కాదిది, ఎందుకంటే ఫీజు కట్టి చేరేవాడు చాలాసార్లు ముందునుంచే వేరు: ఇంట్లో ఇంకో ఆర్నెల్లు పోషించే స్తోమత ఉంటుంది, మార్కులు వేరు, బ్యాక్‌లాగులు వేరు. లాటరీ తీసి సగం మందిని పంపలేం కదా. అలాంటి చోట వాడమని 1983లో గణాంక శాస్త్రవేత్తలు రోజెన్‌బామ్, రూబిన్ ఇచ్చిందే ప్రొపెన్సిటీ స్కోరు. ఉన్న వివరాలను బట్టి ఒక్కొక్కరు కోర్సులో చేరే సంభావ్యత ఎంతో లెక్కకట్టి, అది దగ్గరదగ్గరగా ఉన్నవాళ్లనే పోల్చడం.

ఇక్కడిదాకా అందరూ బాగానే చేస్తారు. తర్వాత ఆ సంభావ్యతను లెక్కకట్టే లాజిస్టిక్ రిగ్రెషన్ మోడల్ నడిపి, ఏయూసీ (చేరేవాళ్లనీ చేరనివాళ్లనీ మోడల్ ఎంత బాగా విడదీస్తోందో చెప్పే అంకె; 0.5 అంటే బొమ్మాబొరుసు, 1 అంటే పక్కా) 0.9 దాటిందని చంకలు గుద్దుకుంటారు చూడండి, అదీ నా చిరాకు. ఎవరు చేరతారో అంత కచ్చితంగా తెలిసిపోతోందంటే రెండు గుంపులకీ పోలికే లేదన్నమాట, ఇంక ఎవర్ని ఎవరితో పోలుస్తారు?

చేరకముందు ఉన్న ఇంటి నుంచి అమీర్‌పేటకి దూరం అనే వేరియబుల్ తీసుకోండి. చేరడాన్ని అది బ్రహ్మాండంగా పట్టిస్తుంది, ఉద్యోగం రావడంతో దానికి వేరే సంబంధమేమీ లేదనుకుందాం. దాన్ని మోడల్లో పెడితే పక్షపాతం, అంటే గుంపులు ముందే వేరు కావడంవల్ల జవాబులో వచ్చే తప్పు, ఏమాత్రం తగ్గదు, స్కోర్లు మాత్రం 0 వైపో 1 వైపో జరిగిపోతాయి. దూరాన ఉన్న ఘట్‌కేసర్ నుంచి వచ్చి చేరిన కుర్రాడి స్కోరు 0.02 అయితే, 1ని స్కోరుతో భాగించి బరువిచ్చే మామూలు విలోమ పద్ధతిలో అతని బరువు 50, అంటే లెక్కలో అతనొక్కడే యాభై మందితో సమానం. అతనొక్కడికి ఉద్యోగం వస్తే మీ జవాబే మారిపోతుంది! ఉద్యోగంతో సంబంధమున్నవే మోడల్లో పెట్టండి, చేరాక మారే వివరాలు అసలే వద్దు.

స్కోరు పని జోస్యం కాదు, రెండు గుంపుల్నీ సమానం చేయడం. 2012లో హైన్‌ముల్లర్ అనే పరిశోధకుడు ఎంట్రోపీ బ్యాలెన్సింగ్ అనే పద్ధతిలో స్కోరు ఊసే లేకుండా సగటులు కలిసే బరువుల్ని నేరుగా వెతికాడు. నాకు నచ్చేది మాత్రం 2018లో లీ, మోర్గన్, జాస్లావ్‌స్కీ చెప్పిన ఓవర్‌ల్యాప్ వెయిట్స్. చేరినవాడికి బరువు 1 లోంచి స్కోరు తీసేయగా మిగిలింది, చేరనివాడికి స్కోరే బరువు, అంతే. మన ఘట్‌కేసర్ కుర్రాడికి 0.98. ఎవరి బరువూ 1 దాటదు. పైగా లాజిస్టిక్ రిగ్రెషన్‌తో కట్టిన స్కోరైతే, ఈ బరువులు వేశాక మోడల్లో పెట్టిన ప్రతి వేరియబుల్ సగటూ రెండు గుంపుల్లో అచ్చంగా ఒకటే అవుతుంది. కానీ ఇది ఊరికే రాదు, వచ్చే జవాబు ఊరందరి గురించీ కాదు, చేరాలా వద్దా అని గోడమీద పిల్లిలా ఉన్నవాళ్ల గురించి. ఫీజు దండగేమో అని అడిగేది ఎటూ వాళ్లే కాబట్టి నాకిది నష్టంగా అనిపించదు, అయితే రిపోర్టులో ఆ మాట రాయకుండా దాటేస్తే మాత్రం మోసమే.

ఇంత చేసినా, మామయ్య కంపెనీలో రిఫరల్ ఉందా లేదా అన్న కాలమ్ ఏ డేటాలోనూ ఉండదు, దాన్ని ఏ బరువూ సరిచేయలేదు. అలాంటి దాచిన కారణం ఎంత బలమైనదైతే మన ఫలితం తుడిచిపెట్టుకుపోతుందో లెక్కకట్టే సెన్సిటివిటీ అనాలిసిస్ ఉంది, ఏయూసీకి బదులు ఆ అంకె వేయండి.