పళ్ళేలు రెండూ ఒకవైపే

జపాన్‌లోని క్యోటోలో ఒక బడి సైన్సు గది సర్దే పనిలో చేరిన వారానికే మాట పడ్డాను. త్రాసుని బీరువాలో పెట్టేటప్పుడు పళ్ళేలు రెండూ ఒకవైపే పేర్చలేదట. మనసు చివుక్కుమంది. త్రాసు మనకి కొత్తా?

కొత్త కాదు, కానీ మన కాలేజీ ల్యాబుల్లో ఉండే త్రాసు వేరు. దానికి గాజు పెట్టె ఉంటుంది, పళ్ళేలు దండె కింద వేలాడతాయి. ముందున్న పిడి తిప్పితే దండె ఆనుకుని నిలబడిపోతుంది, దండెని మోసే పదునైన అంచు, అంటే క్షురధార మీద భారం పడదు. ఇక్కడి బడి త్రాసు ‘ఉవాజారా తెంబిన్’కి పళ్ళేలు దండె పైన కూర్చుంటాయి, ఆపే పిడి లేదు. చెరోవైపు వదిలేస్తే తలుపు వేసినప్పుడల్లా దండె ఊగుతుంది, ధార అరుగుతుంది. ధార అరిగాక చిన్న బరువుకి ముల్లు కదలదు. రెండు పళ్ళేలూ ఒకవైపు పెడితే దండె వాలి స్థిరంగా ఉంటుంది. మన పిడి చేసే పనే ఇక్కడ పిల్లల చేతి అలవాటు చేస్తోంది.

మిగతా పద్ధతీ అంతే. పళ్ళెం మీది అంకె, దండె చివరి అంకె కలవాలి, మారితే ముల్లు మధ్యకి రాదు. ముల్లు ఆగేదాకా చూడక్కర్లేదు, రెండు పక్కలా సమానంగా ఊగితే చాలు. తూనిక రాళ్ళని ఫోర్సెప్స్‌తోనే తీయాలి, చెమట తగిలితే తుప్పు పట్టి బరువు మారుతుంది. వస్తువు కంటే కాస్త బరువనిపించే రాయితో మొదలుపెట్టి చిన్నవాటికి దిగాలి.

ఈ శ్రద్ధకి ఈ ఊళ్ళోనే పాత మూలం ఉంది. బౌద్ధ పూజా సామగ్రి చేసే లోహకారుడు గెంజో షిమాజు 1875లో కియామాచి వీధిలో బడులకి భౌతిక, రసాయన పరికరాలు చేయడం మొదలుపెట్టారు. 1882 నాటి ఆయన జాబితాలో 110 పరికరాలున్నాయి. విదేశీ సరుకు చూసి ఇక్కడి చేతులతో చేసినవి కాబట్టి చెడితే బాగుచేసేవాడూ ఊళ్ళోనే దొరికాడు. నాకు అసూయ కలిగేది అక్కడే. తర్వాత 1953 చట్టంతో బడి సైన్సు సామాను ఖర్చులో సగం ప్రభుత్వం భరించే ఏర్పాటు వచ్చింది.

మన బడులకి సామాను ఎక్కడో అంబాలా నుంచి వస్తుంది. ముల్లు వంగితే సరిచేసేవాడు మండలంలో ఉండడు, విరిగితే జవాబు చెప్పాల్సింది మాస్టారు. అందుకే బీరువాకి తాళం. అది ఆయన పిసినారితనం కాదని ఇక్కడివాళ్ళకి చెప్పాలనిపిస్తుంది. ఆ తాళం వెనక ఉన్న త్రాసుకి ధార ఇంకా అరగలేదు కూడా.