సింక్రనస్ జాకింగ్ సెట్టు అద్దెకు తీసుకునే ముందు

సింక్రనస్ జాకింగ్ అంటే బరువైన యంత్రాన్ని అనేక హైడ్రాలిక్ జాకీలతో, అన్ని పాయింట్లూ ఒకే ఎత్తున ఉండేలా ఒకేసారి ఎత్తడం. 280 టన్నుల యంత్రం, నాలుగు మూలలు, మూలకో 100 టన్నుల జాకీ. లెక్క బాగానే కనిపిస్తుంది: ఒక్కోదానిపై 70 టన్నులు, జాకీ సామర్థ్యంలో 80 శాతమే వాడాలన్న హద్దు దాటలేదు. అయితే యంత్రం బేస్ బిగుసుగా, వంగనిదిగా ఉండి, ఒక మూల రెండు మూడు మిల్లీమీటర్లు వెనకబడిందంటే, ఆ మూలా, దానికి ఐమూలగా ఎదురుగా ఉన్న మూలా బరువు వదిలేస్తాయి. మిగిలిన రెండింటిపై 140 చొప్పున పడుతుంది. అందుకే అద్దెకు అడిగేటప్పుడు టన్నులు చెప్పి ఊరుకోకూడదు. బరువు కేంద్రం ఎక్కడుంది, ఎన్ని పాయింట్లలో ఎత్తాలి, మూలకూ మూలకూ ఎంత తేడాను ఆ నిర్మాణం తట్టుకుంటుంది అన్న మూడూ కాగితం మీద పెట్టి ఇవ్వాలి. మూడోదానికి జవాబు లేకపోతే డిజైన్ ఇంజనీరును అడిగి తెచ్చుకోవాల్సిందే.

బేస్ బిగుసుగా ఉన్నప్పుడు ఒక మార్గం ఉంది. పక్కపక్కనున్న రెండు జాకీలను ఒకే ఆయిల్ లైనుకు కలిపితే వాటిలో ప్రెజర్ ఎప్పుడూ సమానం, లెక్కకు మూడు పాయింట్లే మిగులుతాయి. కలిపిన జాకీల నడిమి బిందువుతో ఏర్పడే త్రిభుజంలో బరువు కేంద్రం బాగా లోపలికి ఉండాలి. అంచుకు దగ్గరగా ఉంటే ఈ పద్ధతి వద్దు.

ఇక సెట్టు రకం. ఒక పంపు నుంచి మానిఫోల్డుతో (లైనును చీల్చే దిమ్మతో) నాలుగు హోసులు తీస్తే అది సింక్రనస్ కాదు. ఆయిల్ తక్కువ బరువున్న జాకీలోకే ముందు పోతుంది, ఆ మూలే ముందు లేస్తుంది. స్ప్లిట్ ఫ్లో పంపు ప్రతి లైనుకూ దాదాపు సమానంగా ఆయిల్ ఇస్తుంది, కానీ చిన్న తేడాలు పోగవుతూ వస్తాయి. కొద్ది ఎత్తుకు, మధ్యమధ్య ఆపి కొలుచుకునే పనికి అది సరిపోతుంది. వంతెన డెక్కుకో టర్బైనుకో అయితే ప్రతి పాయింటుకూ వైరుతో ఎత్తు కొలిచే సెన్సరు పెట్టి, ముందుకెళ్లిన జాకీ వాల్వును మూసే పీఎల్‌సీ (కంప్యూటర్ కంట్రోలర్) సెట్టే తీసుకోవాలి. అది పాయింట్ల మధ్య తేడాను సుమారు ఒక మిల్లీమీటరులో పట్టి ఉంచుతుంది.

ఆ మిల్లీమీటరు దేన్నుంచి కొలిచిందన్నదే అసలు ప్రశ్న. సెన్సరును జాకీ పక్కనే, జాకీ కింద పేర్చిన అదే ప్యాకింగ్ దిమ్మల మీద నిలబెడితే అది కొలిచేది స్ట్రోకును, అంటే జాకీ రాడ్ బయటికొచ్చిన దూరాన్ని మాత్రమే. కింద స్లీపర్లు (చెక్క దిమ్మలు) నలిగి 4 మిల్లీమీటర్లు కుంగినా స్క్రీన్ మీద అన్నీ సమానంగానే కనిపిస్తాయి. సెన్సరు అడుగు జాకీ బరువు పడని నేల మీదో వేరే ఫ్రేము మీదో ఉండాలి, వైరు కొస యంత్రానికి తగలాలి. దానికి కావలసిన కేబుల్ పొడవు ముందే కొలిచి చెప్పండి. సైటులో ఆ కేబుల్ చాలకే సెన్సర్లు మళ్లీ జాకీ పక్కకు చేరుతాయి.

నేల లెక్క కూడా మీదే. 70 టన్నులు 30 సెంటీమీటర్ల భుజమున్న చదరపు ప్లేటుపై పడితే చదరపు సెంటీమీటరుకు సుమారు 78 కిలోలు. మంచి కాంక్రీటు మోస్తుంది, మట్టి మోయదు. చదరపు మీటరుకు 15 టన్నులు భరించే నేలైతే ఆ ఒక్క జాకీ కిందే బరువును నేలపై పరిచే పలకలు దాదాపు 4.7 చదరపు మీటర్ల మేర కావాలి.

ఆయిల్: సాధారణంగా 700 బార్ మీద పనిచేసే 100 టన్నుల జాకీకి వైశాల్యం సుమారు 133 చదరపు సెంటీమీటర్లు. 150 మిల్లీమీటర్ల స్ట్రోకుకు 2 లీటర్లు, నాలుగింటికి 8. ట్యాంకులో వాడదగ్గ ఆయిల్ దానికంటే బాగా ఎక్కువ ఉండాలి. పంపు నాలుగింటికీ కలిపి నిమిషానికి లీటరు ఇస్తే ఒక్కో జాకీ నిమిషానికి 19 మిల్లీమీటర్లు లేస్తుంది. అంతకంటే వేగం ఎవరికీ అక్కర్లేదు.

సామాను దిగగానే జాకీల లోడ్ టెస్టు సర్టిఫికెట్లు, గేజుల కాలిబ్రేషన్ తేదీ, హోసుల పైపొర చూడండి. త్రీ ఫేజ్ మోటారు తిప్పి చూడండి. ఉల్టా తిరిగితే చాలా పంపుల్లో ప్రెజర్ రాదు, ఎలక్ట్రీషియన్‌తో రెండు ఫేజులు మార్పించాలి. డబుల్ యాక్టింగ్ జాకీలైతే (దించేందుకు కూడా ఆయిల్ లైను ఉండేవి) రిటర్న్ లైను కప్లర్లను, అంటే హోసు కలిపే జాయింట్లను, చేత్తో పూర్తిగా బిగించండి. సగం బిగిస్తే లోపలి బాల్ మూసుకునే ఉంటుంది, రాడ్ వైపు ఆయిలుకు దారి ఉండదు. ఆ వైపు వైశాల్యం సగమే అనుకోండి, బరువు లేని జాకీలో 700 బార్ పెడితే అక్కడ 1400 దాకా పోతుంది. సీలు చిరగడమే కాదు, మనిషికి ప్రమాదం.

ఎత్తడం: ముందు నాలుగూ తగిలేదాకా తెచ్చి, లెక్కకట్టిన బరువులో 25, 50, 75, 90 శాతం దగ్గర ఆగి, ప్రతి ప్రెజరూ రాసుకోవాలి. 90 దగ్గర పది నిమిషాలు నిలిపి లీకులు, నేల కుంగుడు చూడాలి. లెక్కకంటే 10 శాతం పైకి పోయినా కదలకపోతే ఎక్కడో యాంకర్ బోల్టో, గ్రౌటో, పైపో పట్టుకుంది. ప్రెజర్ పెంచితే అది ఒక్కసారిగా వదిలి యంత్రం ఎగురుతుంది. దించి వెతకండి.

లేచాక ప్రతి 10 మిల్లీమీటర్లకూ లాక్ నట్ (ప్రెజర్ పోయినా జాకీ దిగకుండా ఆపే నట్) తిప్పుతూ, పక్కన ప్యాకింగ్ పేరుస్తూ పోవాలి. దించేటప్పుడు సాధారణ రిలీజ్ వాల్వు తిప్పితే ఎక్కువ బరువున్న మూల ముందు జారిపోతుంది. దింపుడులో కూడా ప్రతి పాయింటుకూ వాల్వు నియంత్రణ ఉన్న సెట్టేనా అని ఒప్పందానికి ముందే అడగండి. పని ఆగిన రోజులకు అద్దె ఎంత, రోజు లెక్క గోడౌన్ గేటు నుంచా, సైటు నుంచా, ఆపరేటర్ అందులో ఉన్నాడా అన్నవి కూడా అదే కాగితంలో రాయించుకోండి.