ట్రలీలో ఒక బ్యారక్స్, దాని చుట్టూ కొన్ని పుస్తకాలు

ఐర్లండ్‌కో ఇంగ్లండ్‌కో వచ్చిన మనవాళ్ళు "ఇక్కడి చరిత్ర తెలుసుకోవాలంటే ఏ పుస్తకం కొనాలి?" అని అడిగితే నేను చెప్పే మాట ఒకటే. దేశచరిత్ర తర్వాత చదవచ్చు. ముందు మీరుంటున్న కౌంటీ లైబ్రరీకి వెళ్ళి లోకల్ స్టడీస్ విభాగం ఎక్కడుందో అడగండి. అక్కడ సన్నసన్నటి పుస్తకాలుంటాయి. మీ వీధి పేరు, మీ బస్టాప్ పక్కనున్న చర్చి, మీరు రోజూ చూసే రాతి గోడ వాటిలో కనిపిస్తాయి. ఈ దేశాల్లో జనం నిజంగా కొని చదివే చరిత్ర ఇదే: మా ఊరి నుంచి యుద్ధానికి వెళ్ళినవాళ్ళు, మా ఊళ్ళో జరిగిన యుద్ధం.

మాది బందరు. నేనుండేది కెర్రీ కౌంటీలోని ట్రలీలో, ఆసుపత్రి ల్యాబ్‌లో పని. ఈ ఊళ్ళో బాలీములెన్ బ్యారక్స్ అని పాత సైనిక కట్టడం ఒకటుంది. దాని గురించి చదువుదామని మొదలుపెడితే ఒక పుస్తకం చాలలేదు. మూడు నాలుగు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకోవాల్సి వచ్చింది. వాటిలో ఏ ఒక్కటీ రెండోదాని మాట ఎత్తదు.

బాలీములెన్ బ్యారక్స్ ఒకప్పుడు రాయల్ మన్‌స్టర్ ఫ్యూజిలియర్స్ అనే బ్రిటిష్ సైనిక రెజిమెంటుకు డిపో, అంటే కొత్తవాళ్ళను చేర్చుకుని తర్ఫీదిచ్చే చోటు. కార్క్, కెర్రీ, లిమరిక్, క్లేర్ కౌంటీల కుర్రాళ్ళు అందులో చేరేవాళ్ళు. ఈ రెజిమెంటుకు 1927లో కెప్టెన్ మెకాన్స్ రెండు సంపుటాల చరిత్ర రాశాడు. రెజిమెంట్ చరిత్రల ధోరణి మీకు తెలిసే ఉంటుంది. ఆఫీసర్ల పేర్లన్నీ వరసగా ఉంటాయి, మామూలు సిపాయిలు అంకెల్లోకి వెళ్ళిపోతారు. ఓపిక లేకపోతే చదవలేం. కానీ ఆ రెజిమెంటుకు దక్కిన యుద్ధ గౌరవాల జాబితా, అంటే తమవని చెప్పుకునే యుద్ధాల పేర్లు, చూడండి. ప్లాసీ తర్వాత కాండోర్, ఆ తర్వాత మసూలిపటమ్. మసూలిపటమ్ అంటే మా బందరే. కాండోర్ అంటే పిఠాపురం దగ్గరి చందుర్తి యుద్ధం.

ఇది ఎలా కుదిరిందంటే, 1881లో బ్రిటిష్ సైన్యాన్ని కౌంటీల వారీగా పునర్వ్యవస్థీకరించినప్పుడు, ఈస్టిండియా కంపెనీ బెంగాల్‌లో పెంచుకున్న పాత యూరోపియన్ దళాలను మన్‌స్టర్ ఫ్యూజిలియర్స్‌గా మార్చారు. పాత దళాలు గెలిచిన యుద్ధాల పేర్లన్నీ కొత్త రెజిమెంటుకు వారసత్వంగా వచ్చాయి. కెర్రీ పల్లెటూరి పిల్లవాడు సైన్యంలో చేరితే, వాడి రెజిమెంటు గౌరవాల్లో మా ఊరి పేరు ఉండేదన్నమాట.

ఆ యుద్ధం సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మన పాఠ్యపుస్తకాల్లో అది రెండు వాక్యాల్లో అయిపోతుంది. 1758లో విజయనగరం ఆనంద గజపతి రాజు ఫ్రెంచివాళ్ళ మీద తిరగబడి విశాఖపట్నం పట్టుకుని, ఇంగ్లీషువాళ్ళ సాయం కోరాడు. క్లైవ్ బెంగాల్ నుంచి కల్నల్ ఫ్రాన్సిస్ ఫోర్డ్‌ని పంపాడు. ఈ ఫోర్డ్ ఐర్లండ్‌వాడే, డౌన్ కౌంటీలోని సీఫోర్డ్ వాళ్ళ వంశం. అతని దగ్గర సుమారు 500 మంది యూరోపియన్లు, 2,000 మంది సిపాయిలు ఉన్నారు. డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్‌ని ఓడించాడు. తర్వాత బందరు చేరి 1759 మార్చిలో కోటను ముట్టడించాడు. చేతిలో డబ్బు లేదు. రాజు ఇస్తానన్న ఖర్చులు సమయానికి అందలేదు. జీతాలు, కొల్లగొట్టిన సొమ్ములో వాటా తేలేదాకా కదలమని యూరోపియన్ సిపాయిలు ఆయుధాలతో సహా బయటికి వచ్చి నిలబడ్డారు. అదే సమయంలో నిజాం సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో వస్తున్నాడన్న కబురు. మందుగుండు అడుగంటింది. ఏప్రిల్ 7 రాత్రి కోట చుట్టూ ఉన్న చిత్తడి నేలల్లోంచి నడుచుకుంటూ వెళ్ళి ఒక పక్క దృష్టి మళ్ళించే ఉత్తుత్తి దాడి, మరో పక్క అసలు దాడి చేశారు. తెల్లవారేసరికి కాన్‌ఫ్లాన్ లొంగిపోయాడు. లోపల లొంగిపోయినవాళ్ళు బయటినుంచి దాడి చేసినవాళ్ళ కన్నా ఎక్కువమంది. మే నెలలో సలాబత్ జంగ్ బందరు ప్రాంతాన్ని కంపెనీకి రాసిచ్చాడు.

రెజిమెంటు దృష్టిలో ఇది గర్వపడాల్సిన విజయం. మా వైపునుంచి చూస్తే, కోస్తా అంతా కంపెనీ చేతికి పోవడానికి మొదటి మెట్టు. ఈ రెండో మాట ఐర్లండ్‌లో అచ్చయిన పుస్తకాల్లో వెతికితే దొరకడం కష్టం. ఆ రాత్రి బురదలో నడిచిన సిపాయిల్లో ఒక్కడి పేరు కూడా నాకు ఎక్కడా కనిపించలేదు. అందుకు నాకు బాధగానే ఉంది.

ఇక మొదటి ప్రపంచయుద్ధం. మన్‌స్టర్ల రెండో బెటాలియన్ 1914 ఆగస్టు 27న ఫ్రాన్సులోని ఎత్రూ దగ్గర, వెనక్కి తగ్గుతున్న బ్రిటిష్ సైన్యానికి కాపు కాస్తూ, తమకన్నా ఎన్నో రెట్లు పెద్దదైన జర్మన్ దళాన్ని దాదాపు రోజంతా ఆపింది. చివరికి తూటాలు అయిపోయి, మిగిలిన కొద్దిమంది లొంగిపోయారు. మొదటి బెటాలియన్‌ది ఇంకా ఘోరం. 1915 ఏప్రిల్ 25న గల్లిపోలిలో రివర్ క్లైడ్ అనే బొగ్గు ఓడలోంచి తీరానికి దిగబోతుంటే, గట్టు మీది టర్కీ తుపాకులు వాళ్ళను దిగే పలకల మీదే కూల్చేశాయి. వాళ్ళతోపాటు దిగింది రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్. వాళ్ళ మూలం మన మద్రాసు యూరోపియన్ రెజిమెంటు. ఈ రెండు బెటాలియన్లలో మిగిలినవాళ్ళను కలిపి కొన్నాళ్ళు ఒకే దళంగా నడిపారు, ‘డబ్‌స్టర్స్’ అని పిలుచుకున్నారు. బెంగాల్ నుంచి, మద్రాసు నుంచి మొదలైన రెండు కంపెనీ పటాలాల వారసులు టర్కీ ఇసుకలో ఒకటయ్యారు.

ఇలాంటి సంగతులు పోగుచేసి ఊరి పుస్తకంగా కూర్చడం తేలిక కాదు. 1940 సెప్టెంబరులో లండన్‌లో పడిన జర్మన్ బాంబుల వల్ల మొదటి యుద్ధపు మామూలు సిపాయిల సర్వీసు రికార్డుల్లో సగానికి పైగా కాలిపోయాయి. మిగిలినవాటిని ఇప్పటికీ ‘బర్న్ట్ డాక్యుమెంట్స్’ అనే అంటారు. కాబట్టి ఊరి చరిత్రకారుడికి దిక్కు స్థానిక పత్రికలు. అప్పట్లో సిపాయిలు ఇంటికి రాసిన ఉత్తరాలను ఊరి పేపర్లు అచ్చేసేవి, చనిపోయినవాడి ఫోటో వేసేవి. వాటితోపాటు మెడల్ కార్డులు, యుద్ధ సమాధుల రిజిస్టరు, బెటాలియన్ వార్ డైరీ, చర్చి గోడమీది పేర్లు. వీటన్నిటినీ ఒకదానితో ఒకటి సరిచూస్తూ పోవాలి. ల్యాబ్‌లో పని చేసేదాన్ని కాబట్టి ఈ ఓపిక విలువ నాకు తెలుసు.

ఇంగ్లండ్‌లో ఈ తరహా పుస్తకాలకు పెద్ద ఊపు ఇచ్చింది యార్క్‌షైర్‌లోని బార్న్‌స్లీ అనే బొగ్గుగనుల ఊరు. ఒకే ఊరివాళ్ళు, ఒకే గనిలో పనిచేసేవాళ్ళు కలిసి చేరి కలిసి పోరాడొచ్చని 1914లో చెప్పి ‘పాల్స్’ (నేస్తాల) బెటాలియన్లను తయారుచేశారు. కలిసి చేరినవాళ్ళు కలిసే పోయారు. 1916 జూలై 1న ఫ్రాన్సులోని సొమ్ నది దగ్గర సెర్ అనే పల్లె మీదికి వెళ్ళిన, లాంకషైర్‌లోని ఆక్రింగ్టన్ ఊరి పాల్స్‌లో సుమారు 720 మందిలో 584 మంది చనిపోవడమో, గాయపడటమో, కనపడకుండా పోవడమో జరిగింది. బార్న్‌స్లీ పాల్స్‌ది కూడా ఆ పల్లె ముందటి పొలమే. 1980ల్లో బార్న్‌స్లీ క్రానికల్ అనే ఊరి పేపరు వాళ్ళే తమ కుర్రాళ్ళ కథను జాన్ కుక్సీ రాయగా పుస్తకంగా వేశారు. ఆ పేపరు ఇంటినుంచే పెన్ అండ్ సోర్డ్ అనే పబ్లిషింగ్ సంస్థ పుట్టింది. ఇవాళ బ్రిటన్‌లో మిలటరీ చరిత్ర అంటే ముందు గుర్తొచ్చే పేర్లలో అదొకటి.

వీటన్నిటికన్నా ముందు 1971లో మార్టిన్ మిడిల్‌బ్రూక్ సొమ్ మొదటి రోజు మీద రాసిన పుస్తకముంది. ఆయన లింకన్‌షైర్‌లో కోళ్ళ ఫారం నడిపే మనిషి. యుద్ధభూములు చూసొచ్చి, ఆ రోజు బతికి బయటపడ్డవాళ్ళను వందలమందిని వెతికి మాట్లాడించి రాశాడు. ఆ ఒక్కరోజు బ్రిటిష్ సైన్యం నష్టం 57,470 మంది, అందులో మరణించినవాళ్ళు 19,240. ఈ అంకెలు ఎక్కడైనా దొరుకుతాయి. కానీ ఆ ఉదయం దాడికి విజిల్ ఊదడానికి ముందు ఒక్కో మనిషి ఏం చేస్తున్నాడో తెలియాలంటే, ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కూర్చున్న మనిషి కావాలి. డిగ్రీలు లేనివాళ్ళు రాస్తే చరిత్ర పలచబడుతుందనే వాళ్ళతో నేను ఒప్పుకోను.

మన దగ్గర పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరం ఉంది. తరతరాలుగా ఇంటికొకరు సైన్యంలోకి వెళ్ళిన ఊరు. ఆ ఊరికి బార్న్‌స్లీ స్థాయి పుస్తకం ఒకటి, ప్రతి ఇంటి ఫోటోతో, ప్రతి ఉత్తరంతో వస్తే ఎంత బాగుంటుందో అని ఈ పుస్తకాలు చదివినప్పుడల్లా అనిపిస్తుంది.

మళ్ళీ ట్రలీకి వద్దాం. 1947లో ఇక్కడి ది కెర్రీమన్ పత్రిక ‘కెర్రీస్ ఫైటింగ్ స్టోరీ’ అని ఒక పుస్తకం వేసింది. 1916 నుంచి 1921 దాకా ఐర్లండ్ స్వాతంత్ర్యం కోసం బ్రిటిష్‌వాళ్ళతో పోరాడిన వాళ్ళ కథ, పోరాడినవాళ్ళే చెప్పుకున్నది. ఇదీ ఊరి పుస్తకమే, ఇదీ మిలటరీ చరిత్రే. అవే వీధులు, దాదాపు అవే సంవత్సరాలు. కానీ ఇక్కడ వీరులు వేరు. మన్‌స్టర్ ఫ్యూజిలియర్స్‌లో చేరి గల్లిపోలిలో చచ్చిపోయిన పక్కింటి కుర్రాడికి ఇలాంటి పుస్తకాల్లో చోటు లేదు. 1922లో మన్‌స్టర్లను, మరో నాలుగు ఐరిష్ పదాతి రెజిమెంట్లను రద్దు చేసి వాళ్ళ జెండాలను విండ్సర్ కోటలో పెట్టారు. తిరిగొచ్చిన సిపాయిలు దశాబ్దాలపాటు నోరు మెదపలేదు. 1998లో బెల్జియంలోని మెసీన్స్ దగ్గర ఐర్లండ్ శాంతి ఉద్యానవనాన్ని ఐరిష్ అధ్యక్షురాలు, బ్రిటిష్ రాణి కలిసి ప్రారంభించిన తర్వాత కౌంటీల వారీగా యుద్ధ మృతుల పుస్తకాలు ధైర్యంగా రావడం పెరిగింది. వాటిని చూస్తే, తాత ఫోటోను అటక మీదినుంచి దించిన కుటుంబాలు ఎన్నో కదా అనిపిస్తుంది.

ఈ రెండు రకాల వీరుల మధ్య గోడ నిజానికి అంత గట్టిది కాదు. కార్క్‌లో బ్రిటిష్‌వాళ్ళను హడలెత్తించిన టామ్ బారీ మన కెర్రీలోని కిలోర్గ్లిన్‌లోనే పుట్టాడు. అంతకుముందు మెసొపొటేమియాలో బ్రిటిష్ ఫిరంగి దళంలో పనిచేశాడు. యుద్ధమంటే ఏంటో చూడాలని, చేతిలో తుపాకీ ఉండాలని, కొత్త దేశాలు చూడాలని చేరానని 1949లో వచ్చిన తన పుస్తకంలో ఏ దాపరికం లేకుండా రాసుకున్నాడు. ఆ నిజాయితీ వల్లే ఆ పుస్తకం మిగతావాటికన్నా నాకు దగ్గరైంది.

ఇప్పుడు అసలు కష్టమైన పుట. 1923, అంతర్యుద్ధం. బ్రిటిష్‌వాళ్ళతో 1921లో చేసుకున్న ఒప్పందాన్ని ఒప్పుకున్న కొత్త ఐరిష్ ప్రభుత్వానికీ, ఒప్పుకోని రిపబ్లికన్లకూ మధ్య. బాలీములెన్ బ్యారక్స్‌లో అప్పుడున్నది ఐరిష్ ప్రభుత్వ సైన్యం. మార్చి 6న నాక్‌నగోషెల్‌లో రిపబ్లికన్లు పెట్టిన మందుపాతర పేలి ఐదుగురు ప్రభుత్వ సైనికులు చనిపోయారు. మర్నాడు ఈ బ్యారక్స్ నుంచే తొమ్మిదిమంది ఖైదీలను బాలీసీడీకి తీసుకెళ్ళి, మందుపాతర చుట్టూ కట్టేసి పేల్చేశారు. ఎనిమిదిమంది చనిపోయారు. స్టీఫెన్ ఫుల్లర్ ఒక్కడు పేలుడుకి ఎగిరి దూరంగా పడి బతికాడు. అది తెలియని సైన్యం తొమ్మిది శవపేటికలు పంపింది. విచారణకు అధ్యక్షత వహించింది కెర్రీ సైన్యాధిపతి ప్యాడీ ఓ'డేలీయే, తమ తప్పేమీ లేదని తేల్చుకున్నారు. 1924లోనే డొరతీ మెకార్డల్ ‘ట్రాజెడీస్ ఆఫ్ కెర్రీ’ అనే చిన్న పుస్తకంలో ఇది రాసింది. నిప్పులాంటి పుస్తకం, కానీ పూర్తిగా ఒక పక్షానిది. నాక్‌నగోషెల్ మృతుల గురించి అంత దుఃఖం అందులో ఆశించలేం. ఫుల్లర్ తర్వాత ఎన్నికల్లో గెలిచి పార్లమెంటు సభ్యుడయ్యాడు. అయినా 1980లో ఒక టీవీ కార్యక్రమంలో తప్ప బహిరంగంగా ఈ సంగతి మాట్లాడలేదు.

ఐరిష్ ప్రభుత్వం 1947 నుంచి పదేళ్ళపాటు పాత పోరాటయోధుల వాంగ్మూలాలు 1,773 సేకరించి, 2003 దాకా తాళం వేసి ఉంచింది. ఇప్పుడవి ఇంటర్నెట్‌లో ఉచితం. కానీ అవి 1921 జూలై దగ్గర ఆగిపోతాయి, అంతర్యుద్ధం వాటిలో లేదు. ఆ ఖాళీని కొంత పూడ్చింది ఎర్నీ ఓ'మాలీ. తనూ ఆ పోరాటంలో ఉన్న మనిషే. ఊరూరా తిరిగి పాత సహచరులను మాట్లాడించి నోటు పుస్తకాల్లో గీకి పెట్టుకున్నాడు. ఆ చేతిరాత చదవడమే ఒక యుద్ధమట. కెర్రీ భాగం 2012లో పుస్తకంగా వచ్చింది. బాలీములెన్ గురించి ఒక్క పుస్తకమే చదివే తీరిక ఉంటే నేను అదే ఇస్తాను. మాట్లాడినవాళ్ళు తమ తప్పుల్ని కూడా చెప్పుకున్నారు, వాళ్ళను వీరులుగా చెక్కాలని ఎవరూ కూర్చోలేదు.

కొత్తగా వచ్చినవాళ్ళకు నేను చెప్పే వరస ఇది: ముందు ఓ'మాలీ, తర్వాత కెర్రీమన్ వాళ్ళ పుస్తకం, ఆ పక్కనే మీ కౌంటీ యుద్ధ మృతుల జాబితా. మెకాన్స్ రెండు సంపుటాలు ఆఖరున, అదీ మీది కోస్తా అయితేనే. బందరు కోట వైపు కుటుంబాలవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే నాదో విన్నపం. 1759 ముట్టడి గురించి మీ ఇళ్ళల్లో, మీ పెద్దల నోట ఏ చిన్న కథ మిగిలి ఉన్నా నాకు రాసి పంపండి, ఎవరు చెప్పారో వాళ్ళ పేరుతో సహా.